ఈ రోజు ఏమి తిన్నావు?



విదేశమునకు వెళ్లి వచ్చిన వారిని మన గ్రామములలో అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే, "అక్కడ ఏమేమి చూశారు?" అని. మమ్మల్ని కూడా అలాగే అడిగారు. ఎత్తైన మేడలు, ఓడరేవు, శుభ్రమైన వీధులు అని చెప్పి ఊరుకున్నాము. నిజమునకు మా మనస్సులో నిలిచిపోయినవి చూసినవి కావు, తిన్నవి. ఆ భోజనముల గురించి, వాటి మధ్య మేము చేసిన ఒక తప్పు గురించి ఈ నెల వ్రాయాలని మేము ఇద్దరము, అనగా కాపరియు కాపరి భార్యయు, మాట్లాడుకొని నిశ్చయించుకున్నాము.

మా బావమరిది సింగపూరులో ఓడల యార్డులో వెల్డరు. శ్రీకాకుళము నుండి, గోదావరి జిల్లాల నుండి అటువంటి పనులకు వెళ్లిన పిల్లలు మన సంఘములలో చాలామందే ఉన్నారు. అతడు ఆరు సంవత్సరములు కూడబెట్టి, 2019 ఫిబ్రవరిలో మా ఇద్దరికీ టిక్కెట్లు తీసి పంపాడు. పన్నెండు రోజుల ప్రయాణము. మా అత్తగారు కుమారుని కోసమని ఆవకాయ, కందిపొడి మూట కట్టి ఇచ్చారు.

చేరిన రోజు సాయంత్రమే అతడు మమ్మల్ని సముద్రము ఒడ్డున ఉన్న ఒక పెద్ద హోటలుకు తీసుకొని వెళ్లాడు. "బావగారూ, సింగపూరు వచ్చిన వాళ్లు చిల్లీ క్రాబ్ తినకుండా వెళ్లకూడదు" అన్నాడు. మన పీతల కూర వంటిదే అనుకున్నాము. కిలో దాటిన పీతను ముక్కలు చేసి, ఎర్రని చిక్కటి పులుసులో పెద్ద పళ్లెము నిండా తెచ్చి పెట్టారు. ఆ పులుసులో టమాటా సాసు, మిరపకాయలు, గిలకొట్టిన గ్రుడ్డు ఉంటాయి. దానిలో ముంచుకొని తినడానికి నూనెలో వేయించిన చిన్న బన్నులు ఇస్తారు. ఈ వంటకము 1956 ప్రాంతములో చెర్ యామ్ తియాన్ అనే గృహిణి చేతిలో పుట్టింది. రోజూ ఉడికించిన పీతలే తిని విసిగిన భర్త వేరే విధముగా వండమంటే ఆమె సాసు, మిరప కలిపి వండింది. తరువాత వారిద్దరూ తోపుడుబండి మీద అమ్మారు. ఇప్పుడు అది ఆ దేశమంతటికీ పేరు తెచ్చిన వంట.

మేము కృతజ్ఞతా ప్రార్థన చేసి తినడము మొదలుపెట్టాము. రెండు ముద్దలు తినగానే మా నోరు ఊరుకోలేదు. "ఇదేమిటి, తియ్యగా ఉన్నది! చింతపండు లేదు, మసాలా లేదు. మన ఊరి పీతల పులుసు ముందు ఇది ఎందుకు పనికివస్తుంది?" అన్నాము. ప్రార్థన చేసిన నోటితోనే అంత మాట అన్నాము. అతడు నవ్వుతూనే ఉన్నాడు. గిట్టలు పగులగొట్టి, లోపలి కండ తీసి అక్క పళ్లెములో వేస్తూనే ఉన్నాడు. సగానికి పైగా మిగిలిపోయింది. బిల్లు వచ్చినప్పుడు మాకు కనబడకుండా ప్రక్కకు తిరిగి డబ్బు కట్టాడు. మిగిలినది డబ్బాలో పెట్టించుకొని, "రేపు తింటానులే" అన్నాడు.

మరునాడు అతనికి పని ఉన్నందున మేము రాత్రి బస్సులో మలేషియాలోని పెనాంగుకు బయలుదేరాము. బైబిలు కళాశాలలో మాతో డిప్లొమా చదివిన స్నేహితుడు అక్కడ చిన్న సంఘమునకు కాపరిగా ఉన్నాడు. పెనాంగు ద్వీపములోని జార్జిటౌన్ పాత పట్టణమును 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పాత వీధులలో చీనీయులు, మలయులు, తమిళులు ఎవరి వంట వారు వండుతారు. తినేటప్పుడు మాత్రము అందరూ అందరి వంటా తింటారు.

మొదటి పూట మా స్నేహితుడు నాసి కందర్ తినిపించాడు. మలయు భాషలో నాసి అంటే అన్నము, కందర్ అంటే కావడి. పూర్వము తమిళ ముస్లిములు ఒకవైపు అన్నము, ఒకవైపు కూరలు కావడిలో పెట్టుకొని వీధులు తిరిగి అమ్మేవారట. అందుకే ఆ పేరు. ఇప్పుడు కావడి లేదు, పేరు మిగిలింది. అన్నము మీద చేపల పులుసు, కోడి కూర, పప్పు అన్నిటినీ కలిపి పోస్తారు. తరువాత టీని ఒక గ్లాసు నుండి మరొక గ్లాసులోనికి బారెడు ఎత్తున లాగి నురగతో ఇచ్చారు. ఇది మన చాయ్ కొట్టువాని పనితనమే అని సంతోషించాము. మనకు తెలిసినది కనబడితే సంతోషము, కనబడకపోతే సణుగుడు. మా ప్రయాణము అంతవరకు అలాగే సాగింది.

రెండవ రోజు ఆ సంఘములోని ఒక పెద్దాయన మమ్మల్ని చూడవచ్చారు. డెబ్బది దాటిన వయస్సు. ఆయన తెలుగు మాట్లాడుతుంటే మా చెవులను మేమే నమ్మలేదు. ఆయన తాత విశాఖపట్నము వైపు నుండి పేరక్ రాష్ట్రములోని బగాన్ డాటుక్ అనే ప్రాంతమునకు, కొబ్బరి తోటలలో కూలికి వచ్చాడట. ఆ ప్రాంతములో నేటికీ తెలుగు కుటుంబములు చాలా ఉన్నాయి. ఆయన మమ్మల్ని వీధి మూలన ఉన్న చిన్న కొట్టుకు తీసుకొని వెళ్లి అసం లక్సా ఇప్పించారు. లావైన బియ్యపు సేమియా మీద పుల్లని చేపల చారు పోసి, పుదీనా, ఉల్లి, అనాసపండు ముక్కలు చల్లి, రొయ్యలతో చేసిన నల్లని చిక్కటి ముద్దను ఒక చెంచా వేస్తారు. ఆ వాసనకు మా ఇంటావిడ ముఖము చిట్లించింది.

పెద్దాయన చూశారు. "అమ్మా, మీ ఊరి పులుసును కొంచెము సేపు ప్రక్కన పెట్టు. దీన్ని దీనిలాగే తిను" అన్నారు. ఆమె సిగ్గుపడి ఒక చెంచా తీసుకొన్నది, మరొకటి తీసుకొన్నది. అందులో పులుపు మన చింతపండుదే. ఆ భాషలో అసం అంటే పులుపు. చివరికి గిన్నె అడుగున చారు కూడా మిగలలేదు.

తింటూ తింటూ పెద్దాయన తన తాత సంగతి చెప్పారు. "మా తాతకు చదువు రాదు. ఇంకొకరి చేత ఊరికి ఉత్తరము వ్రాయించేవాడు. ప్రతి ఉత్తరములోను 'క్షేమము, కడుపునిండా తింటున్నాను' అనే ఉండేది. తిన్నది గంజి, ఎండుచేప. అదైనా కొన్ని పూటలే. ఏమి తింటున్నావని ఊరినుండి ఎవరూ అడగలేదు. ఆయన చెప్పలేదు. డబ్బు అందింది అని మాత్రము జవాబు వచ్చేది."

ఆ మాట మమ్మల్ని వదలలేదు. తిరుగు బస్సులో మాకు నిద్ర పట్టలేదు. ఆరు సంవత్సరములలో మా బావమరిదితో ఎన్నిసార్లు ఫోనులో మాట్లాడాము! స్లాబు వేయడానికి డబ్బు అడిగాము. అత్తగారి కంటి ఆపరేషనుకు అడిగాము. చెల్లెలి పెండ్లికి అడిగాము. "భోంచేశావా?" అని కూడా అడిగే ఉంటాము. "చేశాను" అంటే అంతటితో సరి. ఏమి తిన్నాడో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆదివారము అతనికి సెలవు. లిటిల్ ఇండియా అనే ప్రాంతములో మన దేశపు కార్మికులందరూ ఆ రోజు చేరుతారు. అక్కడ పచ్చిక మీద కూర్చున్నప్పుడు మా ఇంటావిడ అడిగింది: "రోజూ ఏమి తింటావురా?"

"క్యాటరింగు అక్కా. బాగానే ఉంటుంది."

"ఆ పొట్లము ఒకటి తెచ్చి చూపించు."

అతడు మాట తప్పించబోయాడు. ఆమె వదలలేదు. వసతి గృహము దూరమే అయినా వెళ్లి, మధ్యాహ్నమునకు తెచ్చాడు. కాగితపు పొట్లములో అన్నము ఉన్నది. చిన్న ప్లాస్టిక్ సంచిలో పల్చని పప్పు, మరొక దానిలో క్యాబేజీ, ఒక వేపుడు చేప ముక్క ఉన్నాయి. అర్ధరాత్రి వండి, తెల్లవారకముందే గేటు దగ్గర పెట్టి పోతారట. అది చేతపట్టుకొని లారీ వెనుక కూర్చొని పనికి వెళ్లాలి. ఎండలో మధ్యాహ్నము వరకు అలాగే ఉంటుంది. "కొన్ని రోజులు పులిసిపోతుంది అక్కా. అప్పుడు కూర పారేసి, అన్నము కడుక్కొని, మీరు పంపిన ఆవకాయతో తింటాను. అందుకే ఎప్పుడూ ఆవకాయే అడిగేవాడిని" అన్నాడు.

ఆ రోజు ఆ పొట్లమును మేము ముగ్గురము పంచుకొని తిన్నాము. పప్పు అప్పటికే కొద్దిగా పులిసింది. అప్పుడు ధైర్యము చేసి పీత భోజనమునకు ఎంత అయ్యిందని అడిగాము. 84 డాలర్లు. అప్పటి లెక్కలో మన డబ్బు నాలుగు వేలు దాటుతుంది. అతని మూల వేతనము రోజుకు 22 డాలర్లు.

"తప్పు చేశాము, క్షమించు" అన్నాము. అతడు కంగారుపడ్డాడు. "అయ్యో బావగారూ, అంత మాట వద్దు. ఇన్నేళ్లలో నేను కూడా అక్కడ తినడము అదే మొదటిసారి. అక్క వచ్చినప్పుడు వెళదాములే అని ఆగాను" అన్నాడు. మా ఇంటావిడ కొంగుతో ముఖము కప్పుకొన్నది.

ఆ సాయంత్రము మేమే అతనికి భోజనము పెట్టాలని పట్టుబట్టి, అతడు చెప్పిన ఒక హాకర్ సెంటరుకు వెళ్లాము. వీధులలో అమ్ముకొనే వారి కోసము 1971 నుండి ప్రభుత్వము కట్టించిన భోజనశాలలు ఇవి. ఒకే కప్పు క్రింద పదుల కొద్దీ చిన్న కొట్లు ఉంటాయి. బల్లలు అందరివీ. అధికారి ప్రక్కన కూలివాడు కూర్చొని తింటాడు. 2020లో యునెస్కో ఈ భోజనశాలల సంస్కృతిని కూడా గుర్తించింది.

మూడు పళ్లెముల హైనాన్ కోడి అన్నము కొన్నాము. పళ్లెము నాలుగు డాలర్ల లోపే. చీనాలోని హైనాన్ ద్వీపము నుండి వలస వచ్చినవారు తెచ్చిన వంట ఇది. కోడిని కోయకుండా నిండుగా, మరగనివ్వకుండా సన్నని వేడి మీద నీటిలో ఉడికించి, వెంటనే చల్లని నీటిలో ముంచుతారు. ఆ కోడి కొవ్వులో అల్లము, వెల్లుల్లి వేయించి, ఉడికించిన ఆ నీటితోనే అన్నము వండుతారు. తెల్లని కోడి, తెల్లని అన్నము, ప్రక్కన మిరప పచ్చడి. చూపుకు ఏమీ లేదు. పెనాంగు పెద్దాయన చెప్పినట్లు, మన కోడి కూరను ప్రక్కన పెట్టి తిన్నాము. అన్నము ఒక్కటే తిన్నా తృప్తిగా ఉన్నది. ఒక్క మెతుకు వదలలేదు. అతడు మా పళ్లెములు చూసి చిన్నపిల్లవానివలె నవ్వాడు.

మరుసటి సంవత్సరము, 2020 ఏప్రిల్‌లో, కరోనా వలన ఆ కార్మికుల వసతి గృహములను మూసివేశారు. నెలల తరబడి బయటకు రానివ్వలేదు. ఆ సంవత్సరము ముగిసేసరికి అక్కడివారిలో దాదాపు సగము మందికి ఆ వ్యాధి సోకినట్లు పరీక్షలలో తేలింది. మా వానికి కూడా వచ్చి, దేవుని దయవలన తగ్గింది. ఆ దినములలో ప్రతి రాత్రి మేము ఫోను చేసి అడిగినది ఒక్కటే: "ఈ రోజు ఏమి తిన్నావు?" గ్రుడ్డు ఇచ్చారా, అన్నము వేడిగా ఉన్నదా, ఎన్ని గంటలకు వచ్చినది అని అడిగేవారము. అతడు కూడా దాచకుండా చెప్పేవాడు. ఒకరోజు, "బావగారూ, మీరు ఇలా అడుగుతుంటే ఇంటిలో కూర్చొని తిన్నట్లు ఉన్నది" అన్నాడు.

పాఠకులారా, మీ ఇండ్లలో గల్ఫులోనో, సింగపూరులోనో, హైదరాబాదు హాస్టలులోనో ఉన్న బిడ్డలు ఉంటారు. వారు "తిన్నాను" అంటే నమ్మి ఊరుకోవద్దు. ఏమి తిన్నారో, ఎప్పుడు వండినదో అడగండి. డబ్బు మాట తరువాత మాట్లాడవచ్చు. వారు తమ కష్టముతో ఎక్కడికైనా తీసుకొని వెళ్లి భోజనము పెడితే, రుచి ఎలా ఉన్నా, పళ్లెము ఖాళీ చేయండి.

అతడు 2023లో సెలవు మీద వచ్చినప్పుడు మా ఇంటావిడ పీతల పులుసు వండింది. వేరే గిన్నెలో కొంచెము టమాటా సాసుతో, గ్రుడ్డుతో, తియ్యగా ఇంకొకటి కూడా వండింది. అది సరిగ్గా కుదరలేదు. అయినా రెండు గిన్నెలూ ఖాళీ అయినవి.