విశాఖలో విమాన సందర్శనము

గత సంవత్సరము మేము మా పాఠశాలలోని తొమ్మిదవ తరగతి బాలబాలికలను వెంటబెట్టుకొని విశాఖపట్టణమునకు పోయితిమి. నరసరావుపేటనుండి గుంటూరు చేరి, రాత్రి రైలెక్కి, మఱునాడు సముద్రతీరమునకు చేరితిమి. అచ్చటి బీచిరోడ్డున నౌకాదళమువారి టి.యు.142 విమానము 2017 డిసెంబరు నుండి ప్రదర్శనశాలగా నున్నది. సోవియట్ దేశమున నిర్మింపబడిన ఈ జాతి విమానములు 1988 మొదలు 2017 వఱకు మన సముద్రములపై గస్తీ తిరిగి, జలాంతర్గాముల జాడ తీయుచుండెడివి. రోడ్డున కావలిప్రక్క ఇసుకలో కురుసుర జలాంతర్గామి కలదు. వేటకాడును వేటయు నేడు ఇరుగుపొరుగువారు!

కొందఱు పిల్లలు విమానమునకు చేతులు జోడించిరి. కారంపూడిలో పల్నాటివీరుల ఆయుధములకు ఏటేట పూజలు చూచుచు పెరిగినవారు గదా!

ఆ విమానములు 29 సంవత్సరములలో 30,000 గంటలు ప్రమాదమెఱుగక యెగిరినవని మార్గదర్శకుడు చెప్పెను. పిమ్మట, “ఒక్కొక్క ఇంజనుకు రెండేసి పంకాలెందుకు?” అని యడిగెను. మా మొదటిబెంచి పండితులు నేల చూచిరి. వెనుకనుండి యొక బాలుడు మెల్లగా ననెను: “ముందుది గాలిని మెలిపెట్టిద్ది సార్, ఎనకది ఆ మెలిక తీసేసిద్ది. బలం వృథా పోదు.”

“నీకెట్లు తెలిసినదిరా?” అంటిమి.

“రెక్కలు ఎదురుబొదురుగా వంగి ఉండయ్ గదా సార్.”

వాని తండ్రి ట్రాక్టరులు బాగుచేయువాడు. “చదువకున్న మీ నాయనవలె షెడ్డులో పడియుందువు” అని ఆఱునెలల క్రిందట తరగతి యెదుట మేము వానిని మందలించియుంటిమి. నాటినుండి వాడు తండ్రి పని యెవరడిగినను చెప్పడు. ముప్పదివేల గంటలు విమానమును కాపాడినది నడపినవారి నేర్పు మాత్రమేనా? రాత్రింబగళ్లు మరలు బిగించిన మసిచేతులు గాదా? సంస్కృతము, ఆంగ్లము చదివియు మే మీ యక్షరము నేర్వమైతిమి. తిరుగురైలులో వానిని ప్రక్కన గూర్చుండబెట్టుకొని, “ఆనాటి మాట మాది తప్పురా” అంటిమి. వాడు కిటికీవైపు చూచుచుండెను.

మఱువారము తరగతినంతయు ఆ షెడ్డునకు తీసికొనిపోయితిమి. తండ్రి దిగ్గున లేచి, “చేతులు మసిగా ఉండయ్ సార్” అని వెనుకకు దాచుకొనెను. మేమే ముందుకు పోయి పట్టుకొంటిమి. అప్పుడు వాడు స్నేహితులకు ఇంజను విప్పి చూపసాగెను.