తుప్పెరుగని కార్ల సంత

కార్లైల్, పెన్సిల్వేనియా
ఆగస్టు చివరి వారం

బావగారూ,

కాకినాడలో మీరు బోట్లు వేసే గాజు పీచు మ్యాటుతో, రెసిన్‌తో ఇక్కడ కార్లు కట్టారు. కట్టడం మొదలై డెబ్బై ఏళ్లు దాటింది. ఆ పాత కార్లలో విరిగినవాటికీ పగిలినవాటికీ ఇప్పటికీ కొత్త ముక్కలు పోసి అమ్ముతున్నారు. ఆ ముక్కలు అమ్మే సంత చూశాను. మన ఇంట్లో ఈ సంగతి చదివి నిజంగా ఆనందించగలిగింది మీరే కనక మీకే రాస్తున్నాను.

కార్లైల్ ఊరు ఈ రాష్ట్ర రాజధాని హారిస్‌బర్గ్‌కు పడమరన ఉంది. కారులో అరగంట దారి. మా అబ్బాయి పక్కింటి పెద్దాయన దగ్గర 1966 నాటి షెవ్రొలే కార్వెట్ ఒకటుంది. దాని ముందు ఎడమ మడ్‌గార్డు పగిలింది. కొత్తది కొనుక్కోవడానికి బయల్దేరుతూ, నాకు ఫైబర్ బోట్లు వేసే బావగారు ఉన్నారని విని, నన్నూ బండెక్కించుకున్నాడు.

సంత జరిగే మైదానం ఎనభై ఎకరాల పైచిలుకు. 1974లో బిల్ మిల్లర్, చిప్ మిల్లర్ అనే ఇద్దరు స్నేహితులు ఇక్కడ పాత కార్ల మేళా మొదలుపెట్టారు. ఇంటిపేరు ఒకటే గానీ వాళ్లిద్దరూ చుట్టాలు కారు. ఇప్పుడు ఏడాదిలో చాలా మేళాలు జరుగుతాయి. ఆగస్టు చివర జరిగేది మాత్రం అచ్చంగా కార్వెట్లకే. వేల బండ్లు, పుట్టిన ఏళ్ల వారీగా, గడ్డి మీద బారులు తీరి నిలబడతాయి. జనం వాటి చుట్టూ మూగుతారు. నన్ను కట్టిపడేసినవి వాటికి ఎడంగా ఉన్న గుడారాల వరసలు. అక్కడ పూర్తి కారు ఒక్కటీ కనపడదు. బానెట్ల మీద బానెట్లు, తలుపులు, ముందు దీపాల గూళ్లు, డిక్కీ మూతలు. ఒకాయన దగ్గర తలుపు పిడులు తప్ప మరేమీ లేవు, వాటి కోసమే ఆయన దగ్గర వరస కట్టారు. తండ్రీ కూతురూ ఒక పెద్ద బానెట్‌ని చెరో కొసా పట్టుకుని జనంలోంచి దారి చేసుకుంటూ పోయారు. ఇనప బానెట్ అయితే అంత దూరం అలా మాట్లాడుకుంటూ మోసుకుపోగలిగేవాళ్లు కారు.

ఇంత దూరం వచ్చి మోసుకుపోవడానికి ఒక కారణం ఉంది. మడ్‌గార్డు, బానెట్ లాంటివి వెడల్పాటి ముక్కలు, లోపల బోలు. లారీలో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు వచ్చేసరికి అంచులు విరుగుతాయి, పైపూతగా వేసే జెల్‌కోట్ మీద సాలెగూడు పగుళ్లు వస్తాయి. పైగా కళ్లతో చూడకుండా, చేత్తో తడమకుండా కొనే సరుకు కాదిది.

కార్వెట్ సంగతి కొంచెం చెప్పాలి. 1953 జనవరిలో న్యూయార్క్‌లోని వాల్డార్ఫ్ అస్టోరియా హోటల్లో జనరల్ మోటార్స్ దీన్ని మొదటిసారి ప్రదర్శించింది. అదే ఏడాది జూన్ 30న మిషిగన్ రాష్ట్రం ఫ్లింట్ ఊళ్లో తయారీ మొదలైంది. ఆ ఏడాది చేసినవి 300. అన్నీ తెల్లవి, లోపల ఎర్ర సీట్లు. రేకు నొక్కడానికి ఉక్కు డైలు చేయించాలంటే బోలెడు డబ్బు, బోలెడు కాలం. కాసిని కార్లకు అంత ఖర్చు గిట్టదు. గ్లాస్ ఫైబర్‌కి ఆ బాధ లేదు. ఓహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఆష్టబ్యూలా అనే ఊరుంది. అక్కడి రాబర్ట్ మారిసన్ కంపెనీ పెద్ద ఎత్తున పలకలు పోసి ఇవ్వగలనని జనరల్ మోటార్స్‌ను ఒప్పించింది. ఇన్నేళ్లయినా కార్వెట్ ఒంటికి ఉక్కు రేకు తొడగలేదు.

అంతకుముందే కాలిఫోర్నియాలో బిల్ ట్రిట్ అనే బోట్ల తయారీదారు తన చేతిపనితోనే ఒక స్పోర్ట్స్ కారు ఒళ్లు పోశాడు. మీ వృత్తివాళ్లు ఈ దారిలో ముందే నడిచారన్నమాట. గాజు పీచుని పెద్ద ఎత్తున తీసే పద్ధతే ఒక పొరపాటు వల్ల దొరికిందట. 1932లో ఓహాయోలో డేల్ క్లైస్ట్ అనే కుర్ర పరిశోధకుడు గాజు దిమ్మల్ని కలిపి అతకాలని చూస్తుంటే, కరిగిన గాజు ధార మీద గాలి జోరుగా తగిలి సన్నని పీచుగా చిందింది. మన వైపు ఇలాంటి కారు అంటే బెంగళూరు సిపాని వాళ్ల డాల్ఫిన్. 1980ల మొదట్లో వచ్చింది. మీరు చూసే ఉంటారు.

ఇక కొనుగోలు. పెద్దాయన మొదట ఒక గుడారంలో మడ్‌గార్డు తీసుకుని, పైభాగం వంకైనా చూడకుండా తిరగేశాడు. లోపలి వైపు మ్యాటు పీచు గరుగ్గా, బ్రష్ వాటంతో సహా కనపడుతోంది. అది చేత్తో వేసినది. మీ బోటు లోపలి వైపు లాంటిదే. పక్క గుడారంలో ఇంకొకటి తిరగేశాడు. అది రెండు వైపులా నున్నగా ఉంది, లోపలి వైపు పీచు సుడులు పైకి కనపడుతున్నాయి గానీ చేతికి తగలవు. రెండు ఉక్కు మోల్డుల మధ్య వేడితో, బరువుతో నొక్కి చేసినది. ఆ కాలంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అసలు కార్వెట్ పలకలు దాదాపు అన్నీ ఇలా నొక్కినవేనట, మొదటి ఏడాది చేసిన బండ్లను పక్కన పెడితే. రెండోదానికి ధర ఎక్కువ. ఆ ఎక్కువకు కారణం వెనకవైపే రాసి ఉంది.

చేతిపని ముక్కని ఆయన చిన్నచూపు చూడలేదు. దాన్ని చాలాసేపు పరీక్షించాడు, నేనూ నేర్చుకున్నాను. ముందు అంచులు. అంచు లోపలికి మడిచి ఉండాలి, ఆ మడతకే జిగురు పట్టేది. చవక సరుకులో ఆ మడత ఉండదు. తర్వాత మూలలు. మూలలో మ్యాటు సరిగ్గా కూర్చోకపోతే జెల్‌కోట్ వెనక గాలి మిగులుతుంది. బొటనవేలితో నొక్కితే గుల్లలా విరుగుతుంది. ఆయన నాణెంతో అంగుళం అంగుళం తట్టి విన్నాడు. గాలి ఉన్నచోట చప్పుడు బోలుగా పలుకుతుంది. ఆ తర్వాత ముక్కని ఎండకు ఏటవాలుగా పట్టుకుని కన్ను దాని వెంట పోనిచ్చాడు. వెలుగు గీత వంకర్లు పోతే ఆ అలల్ని పుట్టీతో సరిచేయడానికి వారాలు పడుతుందన్నాడు.

చివరికి అడిగిన ప్రశ్న నాకు అన్నిటికన్నా నచ్చింది. ‘మోల్డ్ దేని మీద తీశారు?’

బావగారూ, ఈ వ్యాపారమంతా ఆ ప్రశ్న మీదే నిలబడి ఉంది. పాలియెస్టర్ రెసిన్ గట్టిపడుతూ ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా కుంచించుకుపోతుందని మీకు నేను చెప్పక్కర్లేదు. మ్యాటు కొంత ఆపుతుంది గానీ పూర్తిగా ఆపదు. మంచి కారు మీద మోల్డ్ తీస్తే అందులోంచి వచ్చే ముక్క దాదాపు సరిపోతుంది. కొందరు అలా చేయరు. ఇంకొకరు అమ్మిన ముక్కని కొని, దాని మీద మోల్డ్ తీసి, అందులో పోసి అమ్ముతారు. దాన్ని మరొకడు కొని దాని మీద ఇంకో మోల్డ్ తీస్తాడు. అక్క దర్జీకి ఆది జాకెట్టు ఇస్తుంది కదా. ఆ ఆదితో కుట్టినదాన్ని మళ్లీ ఆదిగా ఇచ్చి, దాంతో కుట్టినదాన్ని ఇంకోసారి ఆదిగా ఇస్తే నాలుగో జాకెట్టు భుజం ఎక్కడికి జారుతుందో అక్కనే అడగండి. కారులోనూ అంతే. తలుపుకూ మడ్‌గార్డుకూ మధ్య సందు ఒక కొసన పెన్సిల్ దూరేంత, మరో కొసన కాగితం దూరనంత. 1966 కార్వెట్ మడ్‌గార్డు పైన ఒక పదునైన గీత పొడవునా పరుగెడుతుంది. అది ప్రతి నకలుకీ మొద్దుబారుతూ వస్తుంది. పైగా మొదటి మోల్డ్ ఇచ్చిన కారుకి ఎప్పుడో గుద్దుకుని ఆ మూల వంగి ఉంటే, ఆ వంపు కూడా ముక్క ముక్కకీ వారసత్వంగా వస్తుంది. ఎవరో ఎప్పుడో గోడకు గుద్దిన గుర్తుని డబ్బిచ్చి కొనుక్కున్నట్టు.

చేతిపని గుడారం ఆయన నిజాయితీపరుడు. ఏ కారు మీద తీశాడో, ఆ కారు ఎప్పుడు విప్పాడో తడుముకోకుండా చెప్పాడు. రేసు బండ్లవాళ్లు తేలిక కోసం తన దగ్గర కొంటారని కూడా చెప్పాడు. మామూలుగా తిరిగే బండికైతే నేనాయన ముక్కే కొని ఉండేవాణ్ణి.

పెద్దాయన బండి అలాంటిది కాదు. కార్వెట్ ముందు భాగం ఒకే పోతగా రాదు. చాలా ముక్కలు, ఒక్కో అతుకు వెనకా ఒక పట్టీ, జిగురు. ఏళ్లు గడిచాక ఎండకీ చలికీ ఆ అతుకు రంగు కింద నుంచి సన్నని గీతలా పైకి తేలుతుంది. కావాలంటే ముందు భాగమంతా అతుకు లేకుండా ఒకే ముక్కగా పోసి అమ్మేవాళ్లు ఈ సంతలోనే ఉన్నారు. అమర్చడం తేలిక, గీత బాధ ఉండదు. కానీ పాత బండ్ల పరీక్షకులు చక్రం దగ్గర వంగి లైటు వేసి వెతికేది ఆ పట్టీల కోసమే. పట్టీ తన చోట తను ఉంటే బండి ముందు భాగం పుట్టినప్పటిదని లెక్క. లేకపోతే ఎక్కడో దెబ్బ తిన్నదని లెక్క. ఇలా పరీక్షించి మార్కులు వేయడానికి నేషనల్ కార్వెట్ రిస్టోరర్స్ సొసైటీ అని ఒక సంఘమే ఉంది, 1974 నుంచి. అందుకే పెద్దాయన పగిలిన ఒక్క ముక్కే మారుస్తానన్నాడు, పట్టీలు ఉన్నచోటే ఉంచి. కష్టమైన దారి అది. నాకు అదే సరైనదిగా తోచింది.

ఇక్కడ మరో వింత. ఎల్88 అనే రేసు ఇంజనుతో 1967 నుంచి 1969 దాకా వచ్చిన కార్వెట్లు మొత్తం 216. ఆ ఇంజను గాలిని ముందు అద్దం మొదట్లోంచి పీల్చుకునేలా 1968, 1969 బండ్లకు బానెట్ మధ్య ఎత్తుగా ఉబ్బెత్తు చేశారు. ఆ 216 బండ్లు చాలావరకు ఎవరి కంటా పడవు. ఆ ఉబ్బెత్తు బానెట్ మాత్రం ఈ మైదానంలో ఎటు చూసినా ఉంది. అచ్చు పోసి అమ్మినవే అన్నీ. కొనేవాళ్ల ముఖాల్లో వెలుగు చూస్తే, ఇది నకలు కదా అని అనబుద్ధి కాలేదు.

కొనేవాళ్లు తరచు మరిచిపోయేది ఇంకొకటి ఉంది. ఒళ్లు తుప్పు పట్టదు సరే. అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల్లో లోపల ఉక్కు చట్రం ఉంటుంది. దాన్ని వీళ్లు పక్షిపంజరం అంటారు. నీళ్లు దిగేది అందులోకే. పైన నిగనిగలాడే కొత్త ముక్కలు అతికించి, లోపల పంజరం పొరలు పొరలుగా రాలిపోతున్న బండి కూడా చూశాను. పలకలు కొనేముందు అద్దం మూలలు విప్పి చూడాలి. డబ్బు ముందు అక్కడే పెట్టాలి.

బండి పుట్టిన ఏడు కూడా తెలియాలి. 1970ల మొదట్లో కార్వెట్ పలకలు మారాయి. రెసిన్, పీచు, పొడి ముందే కలిపిన షీట్లను మోల్డులో నొక్కే పద్ధతి వచ్చింది. ఆ పలకల మీద మామూలు పాలియెస్టర్ రెసిన్ సరిగ్గా పట్టదు. వాటికి వేరే జిగుళ్లున్నాయి. పాత అలవాటుతో అతికిస్తే కొన్నాళ్లకు అట్ట ఊడినట్టు ఊడివస్తుందట.

చివరికి నొక్కిన ముక్కే కొన్నాడు. దాన్ని దుప్పట్లో చుట్టి, వెనక సీటు మీద పడుకోబెట్టి తెచ్చాం. గోడకు ఆనించి నిలబెడితే నెలలోపే వంగుతుందని ఆయన భయం. ఇంటికి రాగానే రంగు సంగతి ఎత్తలేదు. ముందు మైనం కడగాలి. మోల్డులోంచి ముక్క ఊడిరావడానికి పూసిన మైనం అంటుకునే ఉంటుంది. కడగకుండా ఉప్పుకాగితం వేస్తే ఆ మైనం గీతల్లోకి దిగి, తర్వాత రంగు చేపకళ్లలా విడిపోతుంది. కడిగాక ఎండలో పెట్టాడు. ముడుచుకోవాల్సింది ఏమైనా మిగిలుంటే రంగు వేయకముందే ముడుచుకోవాలి. ఆ తర్వాత జిగురు లేకుండా బండికి ఆనించి, తలుపు మూసి తెరిచి, సందు చూసి, గీకి, మళ్లీ ఆనించి. ఈ ముక్కలు అమ్మేవాళ్లెవరూ గీకకుండా సరిపోతుందని మాట ఇవ్వరు. ఒకసారి రంగు పడ్డాక వెనక్కీ తీసుకోరు.

నాకు అన్నిటికన్నా కొత్తగా తోచింది ఆయన షెడ్డులోని రెసిన్ డబ్బా. రెసిన్ గట్టిపడటానికి కలిపే యాక్సిలరేటర్‌ని మీరు ఒక మూల, హార్డ్‌నర్‌ని ఇంకో మూల పెట్టి, ఆ రెండూ నేరుగా కలవకుండా కుర్రాళ్ల మీద కన్నేసి ఉంచుతారు కదా. ఇక్కడ యాక్సిలరేటర్ రెసిన్‌లో ముందే కలిపి వస్తుంది. హార్డ్‌నర్ చుక్కలు లెక్కపెట్టి కలుపుకోవడమే పని. అయినా ఈ ఆగస్టు వేడికి గిన్నెలోనే గడ్డకడుతోందని ఆయన విసుక్కుంటున్నాడు. మన మే నెల ఎండల సంగతి చెబితే నమ్మలేకపోయాడు. అంత వేడిలో మీరు కిలో రెసిన్‌కి హార్డ్‌నర్ ఎంత తగ్గిస్తారు, పొద్దున్న ఎన్నింటికి పని మొదలుపెడతారు, ఒక విడతకి ఎంత కలుపుతారు, ఇవన్నీ కనుక్కోమన్నాడు. పట్టీలు అతికించే పని వచ్చే వారం పెట్టుకున్నాడు. ఫోన్లో అయినా సరే, ఈలోగా చెప్పండి.

మీ బావమరిది