వెనక వరస చాప

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే లైన్లో, కొత్తగూడెం దారి చీలేది డోర్నకల్ దగ్గర. ఊళ్లో చూసి తీరాల్సింది ఎపిఫనీ కెథడ్రల్. గుడి మండపంలాంటి స్తంభాలు, మసీదును తలపించే గుమ్మటాలు ఉన్న ఈ చర్చిని 1939లో ప్రతిష్ఠించారు. కట్టించింది బిషప్ అజరయ్య. తిరునెల్వేలి సీమ నుంచి వచ్చి, తెలుగు నేర్చి, 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, మీ దానాలు, త్యాగాలు అందాయి, ఇక మీ స్నేహం కావాలని తెల్లదొరల మొహం మీదే అడిగిన మనిషి ఆయన. కెథడ్రల్ ముందు ఫోటోలు దిగేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

నేను వెళ్లింది అక్కడికి దగ్గరలోని ఓ పల్లె సంఘానికి. ఆదివారం ఆరాధనకు ముందు సండే స్కూల్. మిరప ఏరే కాలం కావడంతో తల్లిదండ్రులు చాలామంది తెల్లారకముందే చేలకు పోయారు. చంటివాళ్లను చంకనేసుకుని అన్నలు, అక్కలే వచ్చారు. డిగ్రీ చదివే అమ్మాయి గోడకు బొమ్మల చార్టు తగిలించి, చేపల వల కథ మొదలుపెట్టింది.

వెనక చాప మీద ఓ పెద్దావిడ కూర్చుంది. పిల్లలంతా నాయనమ్మ అంటారు. కథ చెప్పదు, పాట ఎత్తుకోదు. ఏడెనిమిదేళ్ల పిల్లాడు చెల్లెల్ని దింపి ఆమె పక్కన చతికిలబడ్డాడు. వాడు అరచేతులు నిక్కరుకు రుద్దుకుంటూనే ఉన్నాడు. ముందురోజు వాడూ మిరప ఏరాడట, మంట తగ్గలేదు. ఆమె సంచిలోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి, వాడి వేళ్ల సందుల్లో మెల్లగా రాసింది. బడి ఎందుకు మానావనీ, వాక్యం కంఠతా వచ్చిందా అనీ అడగలేదు. కాసేపటికి వాడు ఆమె భుజానికి ఆనుకున్నాడు. అందరూ వాక్యం అప్పజెబుతుంటే వాడు నోరు విప్పలేదు. ఆమె విప్పమనలేదు.

మీరెందుకు పాఠం చెప్పరమ్మా అని అడిగాను.

“నాకు సదువు యాడిది బిడ్డా? ఊకె కూసుంట. వాళ్లే వస్తరు.”

టీచరమ్మాయి లెక్క వేరు. “నాయనమ్మ రాని వారం నా పాఠం సగంల్నే ఆగిపోతది సార్. చిన్నోళ్లు ఏడుస్తరు, పెద్దోళ్లు కొట్టుకుంటరు.”

ఆ గది తలుపులు బార్లా తీసే ఉన్నాయి. పిల్లల దగ్గర ఏ పెద్దవాళ్లనూ ఒంటరిగా ఉండనివ్వబోమని పాస్టరుగారు చెప్పారు. సేవకు వచ్చినవాళ్లకు కట్టడి ఏమిటని చిన్నబుచ్చుకునేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు. చిన్నబుచ్చుకున్నా సరే, ఈ పద్ధతి ప్రతి సంఘంలోనూ ఉండాల్సిందే.

వేసవిలో మన చర్చీలు వెకేషన్ బైబిల్ స్కూల్‌కు (వి.బి.ఎస్.) ఫ్లెక్సీలు కట్టి, మైకులు పెట్టి, బిస్కెట్లు పంచి హడావుడి చేస్తాయి. నాకూ ఆ సందడి ఇష్టమే. కానీ చివరిరోజు బహుమతులిచ్చాక ఆ పిల్లలను పేరుపెట్టి పిలిచేదెవరు? అజరయ్య దొరల దగ్గర అడిగిన స్నేహం మన సంఘాల్లో పిల్లలకే ముందు బాకీ పడ్డామనిపిస్తుంది నాకు. దానికి బడ్జెట్ అక్కర్లేదు. వారం తప్పకుండా వచ్చే మనిషి కావాలి. అలాంటివాళ్లు దొరకడమే కష్టం.

మీరు రిటైరైనవాళ్లైనా, ఆదివారం పొద్దున తీరిక ఉన్నవాళ్లైనా, పాఠం చెప్పడం రాదని వెనక్కి తగ్గకండి. మీ పాస్టరుగారికి చెప్పి, సంఘం పద్ధతులకు ఒప్పుకుని, వెళ్లి చాప మీద కూర్చోండి. మొదటి నెల పిల్లలు మీ దగ్గరికి రాకపోయినా మానకండి. ఏ వారమైనా రాలేకపోతే, ఆ మాట ముందే పిల్లలకు చెప్పండి.