ఆ పద్నాలుగు ఫోటోలు

విమానాల ఫోటోలు తీసే పిచ్చి నాకు బెంగళూరులో పట్టుకుంది. 2003 ఫిబ్రవరి. ఉద్యోగంలో చేరి ఏడాది కూడా కాలేదు. యెలహంకలో ఏరో ఇండియా అనగానే ఆఫీసుకి డుమ్మా కొట్టి వెళ్ళాం, నేనూ మా రూమ్మేటూ. కెమెరా వాడిది. వాళ్ళ బాబాయి వాడి పక్కన పడేసిన పాత ఎస్సెల్లార్, ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. ఉన్నది ఒక్కటే రోలు, 36 ఫోటోలు.

సూర్యకిరణ్ జట్టు తొమ్మిది విమానాలూ ఒకేసారి నెత్తిమీదికి వచ్చేసరికి నాకు చెయ్యి వణికింది. అప్పట్లో వాళ్ళు నడిపింది మన హెచ్ఏఎల్ తయారుచేసిన కిరణ్ విమానాలే. రోలు కడిగించి ప్రింట్లు తెచ్చుకుంటే మూడొందల దాకా అయింది (అప్పుడది చిన్న మొత్తం కాదు లెండి). 36లో 30 వట్టి ఆకాశం. మిగిలిన ఆరింటిలోనూ విమానాలు కాకుల్లా నల్లగా ఉన్నాయి. ఆకాశం వెలుతురు చూసి కెమెరా మోసపోతుందనీ, మనమే ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వాలనీ స్టూడియో అతను చెప్పాడు. హెలికాప్టర్‌కి షట్టర్ వేగం మరీ పెంచితే రెక్కలు ఆగిపోయినట్టు కనపడి, బొమ్మని దారంతో వేలాడదీసినట్టు ఉంటుందన్నది ఇంకో రెండేళ్ళకి, ఇంకో నాలుగు రోళ్ళు తగలేశాక తెలిసింది.

2007 నాటికి డిజిటల్ కెమెరా కొన్నాను. 126 యుద్ధ విమానాలు కొంటారని ఆశపడి అమెరికావాళ్ళు ఎఫ్-16, సూపర్ హార్నెట్ రెండూ పంపారు. రతన్ టాటా 69 ఏళ్ళ వయసులో ఎఫ్-16 ఎక్కి ఎగిరొచ్చింది ఆ ఏడాదే. (చివరికి ఆ 126 కథ 2016లో 36 రఫేల్‌లతో ముగిసింది. మన ప్రాజెక్టుల్లో స్కోప్ తగ్గిందని ఏడుస్తాం గానీ!) రోలు గోల లేదు కాబట్టి బటన్ మీద వేలు తీసేవాణ్ణి కాదు. అసలు సంగతి అక్కడే ఉంది.

2010 మార్చి 3. అప్పటికి హైదరాబాద్ వచ్చేశాను. బేగంపేటలో ఇండియా ఏవియేషన్ మొదటి రోజు. తెలిసినవాళ్ళ ద్వారా పాస్ దొరికింది. నౌకాదళం వారి సాగర్ పవన్ జట్టు, నాలుగు కిరణ్‌లు. నేను వాటిలో ఒకదాన్ని పట్టుకుని, దానితోపాటు కెమెరా తిప్పుతూ వరసగా నొక్కుతున్నాను. అది కిందికి దిగింది. ఇప్పుడు లేస్తుంది, లేచేటప్పుడు వీపు కనపడుతుంది, మంచి షాట్ అనుకుంటూ నొక్కుతూనే ఉన్నాను. లేవలేదు. బోయినపల్లి వైపు భవనాల వెనకనించి నల్లటి పొగ వచ్చింది. నా పక్కనున్న పెద్దాయన "అయ్యో, అయ్యో" అంటున్నాడు. కెమెరా కన్నుకి ఆనించుకున్న నాకు మాత్రం మొదట వచ్చిన ఆలోచన, ఫోకస్ కుదిరిందా లేదా అని.

కమాండర్ ఎస్.కె. మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్. వాళ్ళ పేర్లు సాయంత్రం టీవీలో చూశాను. ఆ జట్టు మళ్ళీ ఎగరలేదు.

రాత్రి ఎనిమిదింటికి ఒక ఛానల్లో పనిచేసే మిత్రుడు ఫోన్ చేశాడు. "నువ్వు అక్కడే ఉన్నావుగా, ఏమైనా దొరికాయా?" అన్నాడు. కార్డులో పద్నాలుగు ఉన్నాయి, పది చక్కగా వచ్చాయి. నేను అంతకుముందూ ఆ తరవాతా తీసినవాటిలో అంత పదునుగా వచ్చినవి తక్కువే. "లేదురా, లెన్స్ మార్చుకుంటున్నా అప్పుడు" అని అబద్ధం చెప్పాను. నేనేదో మంచివాణ్ణని కాదు. ఇస్తే కింద నా పేరు వేస్తాడు, ఆ పేరు చూసుకుని నేను సంతోషిస్తానని భయం వేసింది.

ఇప్పటి సంగతికొద్దాం. అద్దం లేని కెమెరాలు వచ్చాయి. నా దగ్గరున్నది సెకనుకి ఇరవై తీస్తుంది, విమానాన్ని తనే గుర్తుపట్టి వెంటాడుతుంది, షట్టర్ చప్పుడు కూడా ఉండదు. 2025 ఫిబ్రవరిలో యెలహంకకి రష్యా సుఖోయ్-57, అమెరికా ఎఫ్-35 రెండూ వచ్చాయి. రెండు రోజుల్లో ఆరువేల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చెరిపేయడానికి మూడు వారాంతాలు పట్టింది. ఫోకస్ తప్పిన ఫోటో అంటూ దాదాపు లేదు. వాటిలో ఏ ఒక్కటీ నాకు 2003 నాటి నల్లకాకులంత గుర్తులేదు, అదేం విచిత్రమో.

2025 నవంబర్ 21న దుబాయ్‌లో మన తేజస్ ప్రదర్శన మధ్యలో కూలిపోయింది. వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ పోయారు. ఆ వీడియో నాకు సాయంత్రంలోపల ఏడుగురు పంపారు, అందులో మా అబ్బాయి ఒకడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. "నాన్నా, ఫోన్‌తోనే ఎంత క్లియర్‌గా తీశాడో చూడు" అని రాశాడు. తప్పుగా అనలేదు వాడు. నా కొడుకు కాబట్టి ముందు అదే చూశాడు.

జవాబు రాయడానికి కూర్చుని మూడుసార్లు చెరిపేశాను. చివరికి ఫోన్ చేసి బేగంపేట సంగతంతా చెప్పాను, మొదటిసారి. కాసేపు ఏమీ అనలేదు. తరవాత అడిగాడు, "అవి ఇంకా ఉన్నాయా నాన్నా?"

ఉన్నాయి. ఇప్పటికి నాలుగు హార్డ్ డిస్కులు మారాయి. మారిన ప్రతిసారీ ఆ ఫోల్డర్‌ని కాపీ చేస్తాను, చెక్‌సమ్ సరిపోయిందో లేదో చూసుకుంటాను. తెరవను.