అవ్వ చేను కొలిచిన రోజు

పిల్లలూ, మీరంతా దాగుడుమూతలు ఆడే ఉంటారు. మనిషి దాక్కుంటే వెతకటం ఒక ఆట. ఒక డబ్బా దాచి, అది భూమి మీద ఏ చోట ఉన్నదో అంకెలలో చెప్పి, వెతికి తెమ్మనటం ఇంకొక ఆట. ఈ రెండో ఆటను నేను పెద్దవాణ్ణి అయినాక, 2009లో, భద్రాచలంలో నేర్చుకున్నాను. ఆటగా మొదలైన ఆ చదువు నన్ను చివరకు ఒక ముసలమ్మ చేను గట్టు మీదికి తీసుకుపోయింది. అక్కడ నేను చేసిన పొరపాటును ఇప్పటికీ మరచిపోలేదు.

అప్పుడు భద్రాచలం ఖమ్మం జిల్లాలోనే ఉండేది. 2016లో కదా భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరుపడింది! అడవిలో పోడు చేసుకొని బ్రతికే గిరిజనులకు వారి సాగుభూమి మీద హక్కు ఇవ్వాలని 2006లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 2005 డిసెంబరు 13కు ముందునుంచి సాగు చేస్తున్నవారికి, వారి సాగులో ఉన్నంత మేరకు, 4 హెక్టార్లకు మించకుండా హక్కు పత్రం వస్తుంది. ఆ భూమిని అమ్మటానికి వీలులేదు. కాని పిల్లలకు సంక్రమిస్తుంది. అయితే ఎవరి చేను ఎంతో కొలిస్తేనే గదా పత్రంలో వ్రాసేది? ఆ కొలతల పనికి కుదిరిన కుర్రాళ్ళలో నేనొకణ్ణి.

మా బృందానికి పెద్ద అయిన ఆయనను నేను "అన్నా" అని పిలిచేవాణ్ణి. మొదటి రోజున ఆయన నా చేతిలో ఒక యంత్రం పెట్టాడు. అది అరచేతిలో ఇమిడేటంత ఉన్నది. దాని పేరు జీపీఎస్. తరవాత ఒక చీటీ ఇచ్చి, "తమ్ముడూ, ఈ చోట ఒక రేకు డబ్బా దాచాను. పోయి పట్టుకురా!" అన్నాడు. చీటీ మీద ఇలా ఉన్నది: ఉత్తరం 17 డిగ్రీల 40.200 నిమిషాలు, తూర్పు 80 డిగ్రీల 53.400 నిమిషాలు.

నేను హుషారుగా 17.40200 అనీ, 80.53400 అనీ యంత్రంలో నొక్కాను. అది బాణం గుర్తు చూపించి, "48 కిలోమీటర్లు" అన్నది. బాణం నైరృతి దిక్కుగా, కొత్తగూడెం అవతలికి చూపిస్తున్నది! నేను నోరు తెరిచాను. నడిచిపోయి అరగంటలో రమ్మన్న మనిషి డబ్బాను అంత దూరాన దాస్తాడా?

అన్న నవ్వి, "గంటన్నర అంటే ఎన్ని నిమిషాలు?" అని అడిగాడు.

"తొంభై," అన్నాను.

"మరి ఒకటి పాయింట్ ముప్ఫై గంట అంటే?"

అప్పుడు నాకు తెలిసివచ్చింది. గంటకు అరవై నిమిషాలైనట్టే డిగ్రీకి కూడా అరవై నిమిషాలు. 40.200 నిమిషాలను అరవైతో భాగిస్తే 0.67 డిగ్రీ వస్తుంది. అంటే నేను నొక్కవలసింది 17.67. అంకెలు అవే అయినా, లెక్క వేరు. ఉత్తర దక్షిణాలుగా ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. ఒక నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు, నిమిషంలో వెయ్యో వంతు రెండు మీటర్లకు కొంచెం తక్కువ. చీటీలో చివరి అంకె మారితే రెండడుగులు ఎక్కువ నడవాలి, అంతే. మొదటి అంకెలు మారితే ఊరే మారిపోతుంది!

సరిచేసి నొక్కి, బాణం వెంట నడిచాను. యంత్రం "4 మీటర్లు" అన్న చోట ఏమీ కనబడలేదు. ఒక రాతి చుట్టూ మూడుసార్లు తిరిగాక, దాని వెనక సందులో డబ్బా దొరికింది. అందులో ఒక పెన్సిలూ, చిన్న పుస్తకమూ ఉన్నాయి. పుస్తకంలో నాకంటె ముందు వెతికినవాళ్ళ పేర్లు వరుసగా ఉన్నాయి. నేను కూడా నా పేరు వ్రాసి, డబ్బాను ఉన్న చోటనే పెట్టి వచ్చాను. ఈ ఆటను మొదట ఆడినది అమెరికాలో. 2000 మే 1వ తేదీ దాకా ఆ దేశప్రభుత్వం సామాన్యులకు అందే జీపీఎస్‌లో కావాలనే తప్పు కలిపేది. ఆ రాత్రి దాన్ని ఆపేశారు. రెండు రోజులు తిరక్కుండానే, మే 3న, ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన అడవిలో ఒక బకెట్టు దాచి, దాని చోటును అంకెలలో లోకానికి తెలియజేశాడు.

"అన్నా, మనం ఎక్కడున్నామో ఇంత చిన్న యంత్రానికి ఎలా తెలుస్తుంది? పైనుంచి ఎవరన్నా చూస్తున్నారా?" అని అడిగాను.

"ఎవరూ చూడటం లేదు. ఇది వింటున్నది, అంతే," అన్నాడాయన. "మెరుపు మెరిసినాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టావా ఎప్పుడైనా? మూడు సెకన్లయితే పిడుగు సుమారు ఒక కిలోమీటరు దూరాన పడినట్టు. ఇదీ అటువంటి లెక్కే. ఆకాశంలో 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహాలు తిరుగుతుంటవి. ఒక్కొక్క దానిలో అతి కచ్చితమైన గడియారం ఉన్నది. 'నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు సమయం ఇంత' అని అది రేడియో తరంగాల మీద చెపుతూ ఉంటుంది. ఆ మాట ఇక్కడికి రావటానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంతసేపటికి వచ్చిందో తెలిస్తే ఎంత దూరాన్నుంచి వచ్చిందో తెలుస్తుంది. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తెలుస్తుంది. నాలుగోది ఎందుకంటే, మన చేతిలోని చవక గడియారం తప్పును దిద్దటానికి. సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా దూరం 300 మీటర్లు తప్పిపోతుంది మరి!"

ఆ వారమే దుమ్ముగూడెం మండలంలో ఒక కోయగూడేనికి వెళ్ళాము. తొలకరి పడి రెండు రోజులయింది. నాకు అప్పగించినది ఒక అవ్వ చేను. ఆమెకు డెబ్భై ఏళ్ళు ఉంటాయి. ఆ చేనుకు మూడు వైపుల గట్లు, నాలుగో వైపు వంపు తిరిగిన వాగు. వాగు ఒడ్డున ఇప్ప చెట్లూ మద్ది చెట్లూ గొడుగులు పట్టినట్టుగా ఉన్నాయి. నేను యంత్రం పట్టుకొని చేను చుట్టూ చకచకా ఒక చుట్టు చుట్టి వచ్చాను. "2 ఎకరాల 13 గుంటలు" అని తేలింది. కాగితం మీద అదే వ్రాసి, "అవ్వా, ఇక్కడ వేలిముద్ర వెయ్యి," అన్నాను.

అవ్వ వెయ్యలేదు. "ఎంతొచ్చింది బాబూ?" అని అడిగింది. చెప్పాను. ఆమె పక్క చేను వైపు చూపించి, "మా మరిది చేను మూడెకరాలు చిల్లర అని పొద్దున రాశారు గదా? నా చేనూ వాడి చేనూ ఒకటే అరక, మూడేసి దినాలు దున్నుతది. ఎడ్లకు తెలవదా బాబూ?" అన్నది.

నాకు కోపం వచ్చింది. ఆకాశంలో గడియారాలు ఒకవైపు, ఎడ్లు ఒకవైపు! కాని అన్న నా చేతిలోంచి యంత్రం తీసుకొని, నేను నడిచిన దారి గీతను తెర మీద చూపించాడు. మూడు వైపుల గీత సరిగానే ఉన్నది. వాగు వైపు మాత్రం వంపే లేదు. తాడు లాగినట్టు తిన్నగా ఉన్నది.

"నువ్వు వంకరగా నడిచావు గదా, గీత తిన్నగా ఎందుకున్నది?" అన్నాడు.

తడిసిన ఆకుల గొడుగు కింద యంత్రానికి ఉపగ్రహాల మాట వినబడలేదు. నేను చెట్లలో దూరేముందు ఉన్న చోటూ, బయటికి వచ్చిన చోటూ మాత్రమే దానికి తెలుసు. ఆ రెంటినీ ఒక గీతతో కలిపేసింది. గీతకు అవతల ఉన్న ముక్క అంతా అవ్వ చేనులోంచి తెగిపోయింది. తెర మీద "సంకేతం లేదు" అని అది చెప్పే ఉంటుంది. నేను తెర వంక చూడందే! అవ్వ వేలిముద్ర వేసి ఉంటే, ఆ ముక్క మీద ఆమె మనమలకు కూడా హక్కు లేకపోయేది.

ఈసారి నెమ్మదిగా నడిచాము. ప్రతి మూల దగ్గరా ఆగి, నాలుగు ఉపగ్రహాలకు మించి అందేదాకా ఉండి, గుర్తు పెట్టుకున్నాము. చెట్ల కింది వంపులను మాత్రం, ఆకాశం బాగా కనిపించే చోట యంత్రాన్ని పెట్టి, అక్కడినుంచి టేపుతో కొలిచాము. టేపు రెండో కొస అవ్వే పట్టుకున్నది. సాయంత్రానికి లెక్క తేలింది: 3 ఎకరాల 7 గుంటలు. అవ్వ అప్పుడు వేలిముద్ర వేసి, మాకు తాటిముంజలు పెట్టింది.

తిరిగి వస్తుంటే నేను తల వంచుకొని ఉండటం చూచి, అన్న ఒక సంగతి చెప్పాడు. మన దేశాన్ని కొలిచే మహాసర్వేను 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ మొదలుపెట్టాడు. ఆ సర్వేలో పనిచేస్తూ, 1819లో జార్జి ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడిమి అడవులకు వచ్చాడు. ఆయనకూ, ఆయన మనుషులకూ అడవి జ్వరం తగిలింది. కోలుకోవటానికి ఆయన ఆఫ్రికా దక్షిణపు కొసకు పోవలసి వచ్చింది. తరవాత మళ్ళీ వచ్చి పని సాగించాడు. ప్రపంచంలోకెల్ల ఎత్తయిన శిఖరానికి పెట్టినది ఆయన పేరే.

"ఒక్కొక్క కోణాన్ని పదేపదే చూచి గాని వ్రాసుకొనేవారు కారు. నీకు అటువంటి కష్టం లేదు గదా? ఆగి, తెర వంక చూస్తే చాలు," అన్నాడు.

పిల్లలూ, ఇవాళ ఈ యంత్రం మీ ఇంట్లో సెల్‌ఫోనులోనే ఉన్నది. 2013 జులై 1న శ్రీహరికోటనుంచి మన దేశం కూడా ఇటువంటి పనికి తన మొదటి ఉపగ్రహాన్ని పంపింది. మీరు కూడా పెద్దల అనుమతితో, బడి ఆవరణలోనో పెరట్లోనో ఒక డబ్బా దాచి, అంకెలు వ్రాసి, స్నేహితులను వెతకమనండి. డబ్బాలో తినుబండారాలు పెట్టకండి, చీమలూ కోతులూ ముందుగా కనిపెడతాయి. అడవిలోకి మాత్రం ఒంటరిగా పోకండి. ఒకసారి ఆరుబయటా, ఒకసారి దట్టమైన చింతచెట్టు కిందా నిలబడి అంకెలు చూడండి. రెండు చోట్లా ఎంతెంత తేడా వస్తుందో కాగితం మీద వ్రాసుకోండి. ఆ తరవాత మీ ఇంటి పొలం ఎంతో కొలవండి. కొలిచాక, దాన్ని దున్నినవారిని కూడా ఒకసారి అడగండి.