పాత తీగ, కొత్త ఫైబరు

అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు కుప్పలుగా అమ్ముడవుతున్న ఈ రోజులలో ఇంటి ఫోను ఎందుకని మా శిష్యులు అడుగుతుంటారు. తెర మీద వేలు నిలవని వృద్ధులు ఉన్న ఇంట ఈ ప్రశ్నకు తావు లేదు. నాంపల్లి ప్రాంతపు పాత ఇళ్లలో దివాన్‌ఖానాలో ఒక ఫోను, లోపల స్త్రీల గదిలో మరొకటి ఉండేవి. జిద్దా నుండి కుమారుడు పిలిస్తే తల్లి మంచం దిగకుండానే పలికేది. మా అమ్మీజాన్‌కు నేటికీ అదే ఆధారం.

బి.ఎస్.ఎన్.ఎల్. రాగి కనెక్షన్లను ఫైబరుకు మారుస్తూ, 040 కోడ్ గల పాత నంబరునే కొనసాగనిస్తున్నది. నంబరు నిలుస్తుంది సరే, లోపలి గదుల ఫోన్ల మాటేమిటి? మా ఇంటివి డంగుసున్నపు గోడలు; మేకు కొడితేనే పెచ్చులు రాలుతాయి. కొత్త తీగ లాగకుండా పని జరిగే మార్గాన్ని అనుభవజ్ఞుడైన ఒక లైన్‌మన్ మాకు చూపాడు.

ఫైబరు పెట్టె వెనుక ఫోను కోసం ఒక రంధ్రం ఉంటుంది. అక్కడి నుండి చిన్న తీగను సమీపంలోని పాత రోజెట్‌కు, అనగా గోడమీది ఫోను డబ్బాకు కలిపితే చాలు. గదులన్నీ ఒకే జంట తీగ మీద ఉన్నట్లయితే ఫోన్లన్నీ మోగుతాయి.

అయితే అంతకు ముందే ఒక పని తప్పనిసరిగా జరగాలి. వీధి నుండి ఇంట ప్రవేశించే రాగితీగను ఇంటి తీగ నుండి పూర్తిగా విడదీయాలి. ఎక్స్ఛేంజి ఆ తీగపై సుమారు 48 వోల్టుల విద్యుత్తును పంపుతుంది. రెండువైపుల విద్యుత్తు కలిస్తే కొత్త పెట్టె పాడు కావచ్చు. పిడుగుపాటు ప్రభావమూ ఆ వీధి తీగ గుండా లోనికి రాగలదు. విడదీసిన కొనలకు వేర్వేరుగా టేపు చుట్టాలి. ఫోను మోగే సమయంలో తీగలో వోల్టేజి పెరుగుతుంది గనుక ఆ తీగలను వట్టి చేతులతో తాకరాదు. ఈ పనిని తెలిసినవారి చేతనే చేయించుకోవడం మేలు.

మొదట ఒక ఫోనును నేరుగా పెట్టెకే తగిలించి వినండి. అక్కడ మాట స్పష్టంగా ఉండి, లోపలి గదిలో గరగర వినిపిస్తే దోషం ఇంటి తీగలోనిదే. తుప్పు పట్టిన అతుకులను శుభ్రపరిచి బిగించాలి. పెట్టె ఇచ్చే శక్తి పరిమితం గనుక ఎక్కువ ఫోన్లు తగిలిస్తే గంట బలహీనమవుతుంది. వేలితో తిప్పే పాత డయలును కొన్ని పెట్టెలు గుర్తించవు.

అన్నింటికంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. పాత ఫోనుకు శక్తి ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుండి వచ్చేది; అందుకే ఇంట కరెంటు పోయినా అది పలికేది. ఫైబరు మోసుకువచ్చేది వెలుగునే గాని విద్యుత్తును కాదు. కరెంటు పోతే పెట్టె ఆగుతుంది, దానితో ఇంటిలోని ఫోన్లన్నీ మూగబోతాయి. అర్ధరాత్రి చీకటిలో ఊపిరాడని పెద్దల కోసం 108కి ఫోను చేయవలసి వస్తే? అందుచేత పెట్టె అడాప్టరుపై వ్రాసి ఉన్న వోల్టేజికి సరిపోయే చిన్న బ్యాటరీని అమర్చుకోవాలి, లేదా పెట్టెను ఇన్వర్టరుకు కలపాలి. పిమ్మట మెయిన్ స్విచ్ ఆపి, ఫోను పలుకుతున్నదో లేదో పరీక్షించాలి.

పనికివచ్చే వస్తువును పారవేయడం ఇస్రాఫ్ అని మదరసాలో పిల్లలకు బోధిస్తుంటాము. గోడలోని పాత తీగకూ ఆ మాట వర్తిస్తుంది. ఇంటికి కొత్త సౌకర్యం వచ్చినప్పుడు, లోపలి గదిలోని పెద్దల చేతికి అది అందుతున్నదా అని చూడడం మన బాధ్యత.