రామసముద్రంలో ఐదో బండి

షెడ్డంటే నాలుగు రేకులే. వాటి కింద రెండు టాటా ఏస్‌లు, ఒక అశోక్ లేలాండ్ దోస్త్, వెనక చక్రం ఊడదీసి జాకీ మీద నిలబెట్టిన పాత పికప్ ఒకటి. ఈ బాడుగ బండ్ల యజమాని ఐదోది కొనే ఆలోచనలో ఉన్నారని తెలిసి ఆంధ్ర-కర్ణాటక సరిహద్దులోని రామసముద్రం వెళ్లాను.

ఏ బండి మంచిదని అడిగితే ఇంజన్ ముచ్చట ఎత్తలేదు. నన్ను ఊడిన చక్రం దగ్గర కూచోబెట్టారు. కమాను పట్టీల్లో ఒకటి కొసన విరిగింది. చుట్టూ ఎర్రమట్టి అట్టకట్టి ఉంటే, విరిగిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. "ఇంజన్ నన్ను ఎప్పుడూ దోవలో నిలబెట్టలా సార్. నిలబెట్టిందంతా ఇదే. చేన్లోంచి తారు రోడ్డుకెక్కే ఆ గుంతల బాటే."

ఇక్కడి సరుకు ముఖ్యంగా రెండు తీర్లు: టమోటా, పట్టుగూళ్లు. మదనపల్లె మార్కెట్టుకు పోయే టమోటా క్రేటు 25 నుంచి 30 కిలోలు తూగుతుంది. 2005లో వచ్చిన తొలి ఏస్ మోసేది 750 కిలోలు, అంటే 25 క్రేట్లు. దోస్త్‌కు 1,250 కిలోలు, ఓ 40 క్రేట్లు. 1.7 టన్నుల బొలెరో పికప్‌కు 56. నేనీ లెక్క వేస్తుంటే ఆయన నవ్వారు. కోతల కాలంలో ఏ బండీ ఈ లెక్కన పోదట. విరిగిన పట్టీ దానికి రసీదు.

పట్టుగూళ్లది వేరే లెక్క. సంచులతో తొట్టి నిండిపోతుంది, బరువు మాత్రం ఉండదు. గూళ్లు నలగకూడదు, ఉక్కపోయకూడదు, కాబట్టి మీద మీద వేయరు. వాటికి కావలసింది తొట్టి పొడవు, టన్నులు కావు.

ఇక సరిహద్దు. పక్కనే కర్ణాటకలోని కోలారు జిల్లా. ములబాగిలు వైపు ధర బాగుంటే రైతు మదనపల్లె ముఖం చూడడు. మోటారు వాహనాల చట్టం 66వ సెక్షన్ ప్రకారం బండీ సరుకూ కలిపి 3,000 కిలోలు మించకపోతే సరుకు బండికి పర్మిట్ అక్కర్లేదు. దోస్త్ ఆ గీత లోపలే ఉంటుంది, 1.7 టన్నుల బొలెరో దాటిపోతుంది. పొద్దున లేస్తే రాష్ట్రం దాటే వాడికి ఇది మైలేజీ కన్నా పెద్ద సంగతి. షోరూములో మాత్రం అడిగితే తప్ప చెప్పరు.

ఆయన కొడుకు బొలెరో అంటున్నాడు, తండ్రి ఇంకో దోస్త్ అంటున్నారు. నేను తండ్రి పక్షమే. కారణం టమోటా ధర. 2023 జులై ఆఖర్లో మదనపల్లెలో కిలో దాదాపు 200 రూపాయలు పలికింది. అప్పుడు బండ్లకు పండగే అనుకుంటాం. కానీ పంట తక్కువైంది కాబట్టే ధర పెరిగింది, మోయడానికి క్రేట్లేవి? పంట విరగకాసిన ఏడు కోత కూలి కూడా గిట్టక రైతు కాయల్ని చెట్టు మీదే వదిలేస్తాడు. ఎటు తిరిగినా బాడుగకు గండి పడుతుంది, కంతు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. అలాంటప్పుడు చిన్న కంతే మేలు. పైగా రెండూ దోస్త్‌లే అయితే ఒకదాని స్టెప్నీ రెండోదానికి పనికొస్తుంది, డ్రైవర్లను మార్చుకోవచ్చు.

తొట్టి మీద డబ్బా బాడీ కట్టిస్తే ఎలా ఉంటుందన్నాను. వద్దంటే వద్దన్నారు. ఇంటింటి రేషన్ కోసం 2021 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఇలాంటి డబ్బా బాడీలతోనే 9,260 చిన్న బండ్లు రోడ్డెక్కించింది, 2025 జూన్ నుంచి ఆ పని ఆగింది. "ఒక్క పనికే బాడీ కడితే, ఆ పని పోయిన్నాడు బండి ఏం చేస్తాది?" అడ్డపలకలు దించే మామూలు తొట్టే కావాలట. పొద్దున టమోటా, సాయంత్రం గడ్డి, మామిడి కాలంలో మామిడి.

పాల రూటు ఒకటి కుదిరేలా ఉందని చివర్లో చెప్పారు. రోజూ అదే దారి, అదే దూరం, అన్నే క్యాన్లు. అది చేతికొస్తే ఆరోది ఎలక్ట్రిక్ ఏస్ చూస్తామన్నారు. టమోటాకు మాత్రం డీజిలే. మార్కెట్టులో ఎంతసేపు నిలబడాలో, అక్కణ్ణించి ఎటు పొమ్మంటారో ఎవరికీ తెలియదు కదా.